తీతువు పిట్టకి తొంభై శాతం

నిక్షేపంలా ఉన్న మనిషిని మంచం పట్టించి, కడచూపుకి చుట్టాలను రప్పించిన ఘనుణ్ణి నేను. కత్తితో కాదు, కంప్యూటరుతో. మీరు నవ్వుతారని తెలుసు కానీ, అప్పుడు నాకు మాత్రం ముచ్చెమటలు పోశాయి.

ఎనభైల చివరి మాట. రామచంద్రపురం పక్కనున్న మా ఊరి నుంచి రోజూ బస్సులో రాజమండ్రి వెళ్ళి కంప్యూటరు కోర్సు చదివేవాణ్ణి. చెప్పులు బయట విడిచి, గర్భగుడిలో అడుగుపెట్టినట్టు ఆ చల్లటి గదిలోకి వెళ్ళేవాళ్ళం. నల్లటి తెర మీద ఆకుపచ్చ అంకెలు దయ్యం కళ్ళలా మెరిసేవి. స్ప్రెడ్‌షీట్ గళ్ళలో అంకెలు పోస్తే శాతాలు అదే కట్టేది. ఇంకేం, నాకు లోకమంతా గళ్ళుగళ్ళుగా కనబడసాగింది.

కాలవలు కట్టేసిన ఆ వేసవిలో మా ఊళ్ళో వరసగా చావులు. పొద్దుగుంకే వేళ కరెంటు పోయేది. ఆ మసక చీకట్లో తీతువు పిట్ట అరుస్తూ ఇళ్ళ మీదుగా పోయేది. అది ఎవరింటి మీద అరిస్తే ఆ ఇంట్లో మనిషి పోతాడని మావాళ్ళ భయం. మా మేనత్త సూరమ్మ గబగబా తలుపులు మూసేది.

"దీనికో లెక్క ఉండాలి కదత్తా?"

"చావుకి లెక్కేంట్రా? నోర్ముయ్యి!"

ముయ్యలేదు. చావు జరిగిన ఇళ్ళన్నీ తిరిగి, "పోయేముందు తీతువు అరిచిందాండి?" అని అడిగాను. "అరవకుండా ఎలా ఉంటది బాబూ!" అని ఇంచుమించు అందరూ కళ్ళొత్తుకున్నారు. అదంతా గళ్ళలో పోశాను. ప్రింటరు పళ్ళు పటపట కొరుకుతూ కాగితం కక్కింది. తొంభై శాతం!

ఆ కాగితం ఊపుతూ అరుగెక్కి చాటాను: "తీతువు అరిస్తే నూటికి తొంభై పాళ్ళు చావేనండి!"

ఎదురింటి వీర్రాజు గారు రైసుమిల్లు మేనేజరు. గుమ్మంలో పట్టని మనిషి. "ఏరా, కంప్యూటరు అబద్ధం ఆడదు కదా?" అన్నారు.

"ఛ, ఆడదండి బాబాయి గారూ."

ఆ సాయంత్రమే ఆయన ఇంటి పెంకుల మీదుగా సాగింది తీతువు కూత. వీర్రాజు గారు కాఫీ గ్లాసు కింద పెట్టి, లోపలికి వెళ్ళి పడుకున్నారు. మరి లేవలేదు. తిండి మానేశారు. కూతుళ్ళు, అల్లుళ్ళు దిగారు. డాక్టరుగారు నాడి పట్టుకుని, "రోగమేం లేదండి. కానీ మనిషి జారిపోతున్నారు," అన్నారు.

నేను వేసిన శాతం ఆయన్ని తినేసి, తనంతట తానే నిజమైపోయేలా ఉంది!

మర్నాడు రాజమండ్రి వెళ్ళి, మాకు కంప్యూటరు నేర్పే మేడం కాళ్ళ మీద పడినంత పని చేశాను. కాగితం చూసి ఆవిడ తల పట్టుకున్నారు.

"తిరగేశావయ్యా! చావు జరిగిన ఇళ్ళలో పిట్ట అరిచిందా అని అడిగావు. పిట్ట అరిచిన ఇళ్ళలో చావు జరిగిందా అన్నది వేరే ప్రశ్న. అది అరిచినా అందరూ బాగున్న ఇళ్ళకి గళ్ళేవి?"

మళ్ళీ ఊరు తిరిగాను. "నిన్నా అరిచింది, మొన్నా అరిచింది. మాకేం, బానే ఉన్నాం కదండీ!" అన్నారు జనం. అసలది ఎందుకరుస్తోందో చూద్దామని వీర్రాజు గారి పెరటి వెనక ఎండిన చేలోకి వెళ్ళేసరికి ఆ పిట్ట నా నెత్తి మీదే చక్కర్లు కొడుతూ అరిచింది. నా ప్రాణం పోయిందనే అనుకున్నాను. కళ్ళు తెరిచి చూద్దును కదా, కాలి ముందు మట్టిరంగు గుడ్లు! ఎవరు అటు అడుగేసినా గుడ్ల కోసం అది గోల పెడుతోందన్నమాట.

అన్ని ఇళ్ళనీ మళ్ళీ కంప్యూటరు గళ్ళలో పోసి, కొత్త లెక్కతో పరిగెత్తాను. "బాబాయి గారూ, తప్పయిందండి! వందకి ఒకటి కూడా లేదండి!"

ఒక కన్ను తెరుచుకుంది. "కంప్యూటరే అందా?"

"కంప్యూటరేనండి!"

లేచి కూర్చున్నారు. "ఏమేవ్, అన్నం పెట్టు!"

"ఎక్కడిదండీ? అల్లుళ్ళు ఇప్పుడే ఊడ్చేశారు," అంది పిన్నిగారు వంటింట్లోంచి.

వీర్రాజు గారు వసారాలో గుర్రు పెడుతున్న అల్లుళ్ళను చూసి, నా చెవిలో రహస్యంగా అడిగారు: "ఒరే, కడచూపుకొచ్చిన అల్లుళ్ళు మనిషి బతికాక వెనక్కెళ్ళడం నూటికెంతో, అదీ చూసి చెబుదూ!"

గోదారి నీళ్ళు తాగినవాణ్ణి, ఆ గుమ్మంలోనే ఒట్టేశాను. బతికున్నవాళ్ళ ఇళ్ళు కూడా తిరగందే ఈ జన్మలో చావు లెక్క కట్టను. అల్లుళ్ళ లెక్క అంటారా, అది వచ్చే జన్మలో కూడా కట్టను.