దాలి మీద కాల్చిన వెండి రంగు

1944 పుష్యమాసం, రెండో గురువారం, పొద్దున తొమ్మిదింబావు. మా మామగారు బస్సు ఇంజను పొగగొట్టాన్ని తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టి, దీన్ని నీ దాలి మీద పెట్టి చూడమ్మా అన్నారు. నాకప్పుడు పదిహేడేళ్లు. నరసరావుపేటకి కాపురానికొచ్చి పద్నాలుగు నెలలు.

మాకు ఉన్నది ఒకటే బస్సు. పొద్దున కారంపూడి పోయి సాయంత్రానికి తిరిగొచ్చేది. ఆ దారిలో ఇంకో బస్సు లేదు. నడిపేది మా ఆయనే. యుద్ధకాలం, పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిపేవారు. ఆ వేడికి గొట్టాలు తుప్పు పట్టి పెచ్చులు రాలేవి. అల్యూమినియం పొడి వార్నీషులో కలిపి పూసేవారు గాని, షెడ్డులో మంట మీద కాలిస్తే ఒక పక్క మాడేది, ఇంకో పక్క జిగటగా ఉండిపోయేది. వంటింటి మూల దాలి గుంటలో పిడకల నిప్పు మీద పాలు పూటంతా నిదానంగా కాగుతాయి. ఆ సెగకి రంగు సమంగా గట్టిపడుతుందని మామగారికి తోచింది. గట్టిపడింది. గోటితో గీకినా రాలేదు.

అక్కణ్ణించి అది నా పనైంది. ఇటుకపొడితో తుప్పు రుద్దాలి. చాకలిసోడా నీళ్లతో మూడుసార్లు కడగాలి. వేలిముద్రంత జిడ్డు మిగిలినా అక్కడ రంగు ఉబ్బుతుంది. పల్చగా రెండు పూతలు, పూతకి ఆరు గంటల సెగ. ఆ ఆరు గంటలూ నేను వంటిల్లు దాటకూడదు.

"ఏమే, పాలు వార్నీషు కంపు కొడుతున్నయ్," అనేది మా అత్తగారు. "రేపు పెరుగు గూడా వెండిలాగా తోడుకుంటదేమో."

నా పని బాగుందని మిగతా బస్సులవాళ్లూ తేవడం మొదలుపెట్టారు. కిటికీలోంచి మా బస్సు కారంపూడి వైపు పోవడం రోజూ చూసేదాన్ని.

కారంపూడిలో మా అమ్మ ఉంది. ఆమెకి ఒక కన్ను ముందే పోయింది, రెండోదానికి మసక కమ్ముతోంది. ఫాల్గుణంలో మా ఆయనతో కబురు పంపింది. మనిషి రూపు ఇంకా తెలుస్తోంది, ఈలోపల పిల్లని ఒక్కసారి చూపించు నాయనా అని. నేను మామగారిని నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ, ఈ గొట్టం అయ్యాక అన్నారు. అయ్యేసరికి ఇంకోటి గడప దగ్గర ఉండేది.

చైత్రంలో మా బస్సుకి తనిఖీ వచ్చింది. శుక్రవారం ఇన్‌స్పెక్టరు సరేనంటే శనివారం అదే బస్సులో పోయి నాలుగు రోజులుండి రమ్మన్నారు మామగారు. సంతోషించాను. కానీ నాలుగు రోజులకి తిరిగొస్తే మళ్లీ ఇదే దాలి. అందుకని తనిఖీకి కొత్త పూత వెయ్యమని ఇచ్చిన మా బస్సు గొట్టాన్ని మూడుసార్లు కాకుండా ఒక్కసారే కడిగాను. రంగు రెండు వారాలు నిలుస్తుంది, ఆ తర్వాత పెచ్చులూడుతుంది, నా చేతిలో పస లేదని పని షెడ్డుకే తీసుకుపోతారు, అప్పుడు మళ్లీ పోయి అమ్మ దగ్గర నెలరోజులుంటాను. ఇదీ నా లెక్క.

ఇన్‌స్పెక్టరు ఇంజనుని గంటసేపు ఆపకుండా నడిపించి చూస్తాడని నాకు తెలియదు. అరగంటకే రంగు బొబ్బలెక్కి పొగ లేచింది. ఇట్లాంటి బండిలో జనాన్ని ఎక్కించొద్దు, మళ్లీ తనిఖీకి తెండి అని పోయాడు.

ఆ సాయంత్రం గొట్టం మళ్లీ గడప దగ్గరికొచ్చింది. మామగారు బొబ్బ కింద గోరు పెట్టి లేపారు. అడుగున జిడ్డు నాకు కనబడుతూనే ఉంది.

"మూడుసార్లు కడిగావుగా?"

"కడిగాను మామయ్యా."

"నాకు తెలుసు. నీ చేతిలో తప్పుండదు. వార్నీషే కల్తీది."

గుంటూరు నుంచి వేరే వార్నీషు తెప్పించారు. అదొచ్చేదాకా, మళ్లీ తనిఖీ అయ్యేదాకా బస్సు షెడ్డులోనే ఉంది. ఎడ్లబండిలో పంపమని అడిగాను. బండ్లన్నీ మిరపకాయల మోతకి పోయాయి, రెండు రోజుల దారికి తోడొచ్చే మనిషీ లేడన్నారు. నేను ఆ గొట్టాన్నే మూడుసార్లు కడిగి, రెండు పూతలు వేసి, దాలి ముందు కూర్చున్నాను.

వైశాఖంలో కారంపూడిలో దిగేసరికి అమ్మ వసారాలో కూర్చుని ఉంది. పలకకుండా ఎదురుగా నిలబడ్డాను. ఎవురూ అంది. చెయ్యి అందించాను. ఇటుకపొడికి, సోడాకి పగిలిన వేళ్లని ఒక్కొక్కటే తడిమింది.

"ఎవురమ్మా నువ్వు? ఏ పనికి పోతన్నావు?"

బస్సు నిలిచిపోయింది ముప్పైనాలుగు రోజులు. వృథా అయిన రంగు అర డబ్బా. మా అమ్మ రెండో కన్ను. నేను కాపురానికి బయల్దేరిననాటి ముఖమే ఆమె చూసిన కడపటిది.