ఎస్తేరు పేరు తీసేసిన పాట

ఏడేళ్లుగా నేను ఒక పాటకు భయపడుతున్నాను. బస్సులో ఎవరి ఫోనులోనైనా అది మొదలైతే తర్వాతి స్టాపులో దిగిపోతాను. పెళ్లి ఊరేగింపు ఎదురైతే పక్క సందులోకి తిరుగుతాను. మీరు కూడా ఆ పాట వినే ఉంటారు. దాని కింద రచన, బాణీ, సంగీతం అని మూడు చోట్లా నా పేరే ఉంటుంది. సంగీతం వరకు నిజం. మిగతా రెండూ అబద్ధం.

ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను చూడలేదు కాబట్టేమో. ముఖం తెలిసినవాళ్ల ముందు ఇది నా గొంతు దాటలేదు. ఇక్కడ కూడా నా పేరు రాయడం లేదు, చూడండి. ఒప్పుకుంటాను అంటూనే ఒక మూల దాక్కుంటున్నాను. ఆ పాట తెలిసినవాళ్లకు నేనెవరో తెలిసిపోతుంది. తెలియనివ్వండి.

మాది పత్తికొండ దగ్గర ఒక ఊరు. మా నాన్నకు టమోటా తోట ఉంది. నేను సినిమాల్లో కీబోర్డు వాయించాలని హైదరాబాదు పోయి, ఆరేళ్లు తిరిగి, ఏమీ కాక వెనక్కి వచ్చి కర్నూలులో ఒక గది అద్దెకు తీసుకుని రికార్డింగు స్టూడియో పెట్టాను. పేరుకే స్టూడియో. గోడలకు గోనె సంచులు, పాత పరుపులు కొట్టుకున్నాను. ఎన్నికలొస్తే పార్టీ పాటలు, పండగలొస్తే దేవుడి పాటలు, మిగతా రోజుల్లో పెళ్లి డీజేల కోసం రీమిక్సులు. సొంత పాట ఒక్కటీ లేదు. కట్టాలని కూర్చుంటే చేతికి పాత సినిమా బాణీలే వచ్చేవి. నాలో ఏమీ లేదేమో అనే అనుమానం అప్పటికే పట్టుకుంది. ఆ అనుమానం చాలా చెడ్డది. అది ఉన్నవాడు పక్కవాడి చేతిలో ఉన్నదాన్ని చూసే తీరే మారిపోతుంది.

ఒక ఏడు కోతల సమయంలో ఊరికి పోయాను. తోటలో కూలికి వచ్చినవాళ్లలో రూతమ్మ ఉంది. మా ఊరి చర్చి పక్క వీధి ఆమెది. నా చిన్నప్పటి నుంచి మా చేలల్లో పని చేస్తోంది. నాకంటే ముప్పై ఏళ్లు పెద్దది. అయినా మా ఇంట్లో అందరం ఆమెను పేరు పెట్టే పిలిచేవాళ్లం, నేను కూడా. టమోటాలు కోస్తూ ఆమె తనలో తాను పాడుకుంటోంది. నేను గట్టు మీద నిలబడిపోయాను.

*సద్ది మూట గట్టి పెడితి, చేని గట్టు మీన పెడితి,*
*ఎండ తిరిగె, నీడ తిరిగె, ఎస్తేరూ, రాకపోతివే.*

ఎస్తేరు ఆమె కూతురు. పదకొండేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయింది. నాకు లీలగా గుర్తుంది, మా బడిలోనే రెండు తరగతులు కింద చదివేది.

మధ్యాహ్నం అన్నాల వేళ ఆమెను ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, రికార్డరు పెట్టి పాడమన్నాను. పాడే ముందు ఆమె గొంతు సవరించుకుని, "ఇది నేను కట్టుకున్న్యదప్పా. మా ఎస్తేరు పోయిన ఏడు కలుపు తీస్తా తీస్తా కట్టుకున్న్యా" అంది. ఆ మాట కూడా రికార్డయింది. నేను తలకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాను కాబట్టి ఆ మాట నా చెవిలోనే అన్నట్టు వినిపించింది. వినలేదని చెప్పుకోవడానికి నాకు ఏ దారీ లేదు.

ఊళ్లో ఉన్నంతసేపూ నాకు చెడు తలంపు లేదు. నిజంగా లేదా? లేదనే అనుకుంటున్నాను. పొలం పాటలు పోగు చేసి పెడదాం అనుకున్నాను, అంతే. కానీ కర్నూలుకు వచ్చి, ఆ బాణీ కింద డప్పు దరువు వేసి చూసేసరికి నాకు పిచ్చి పట్టినట్టయింది. ఆరేళ్లు హైదరాబాదులో వెతికింది ఇదే అనిపించింది. ఆమె గొంతు తీసేసి, నాకు తెలిసిన ఒక గాయని చేత పాడించాను. దరువు వేగం పెంచాను. ఎస్తేరు అన్న చోట ఆగిపోయాను. డీజే పాటలో ఆ పేరు కుదరదు. ఎవరామె అని అడుగుతారు. ఆ పేరు తీసేసి 'చిన్నదానా' అని పెట్టాను. అంతటితో చనిపోయిన బిడ్డ కోసం ఎదురుచూసే తల్లి పాట, ప్రియురాలి కోసం ఎదురుచూసే కుర్రవాడి పాట అయిపోయింది. ఒక్క మాట మారిస్తే చాలింది.

పాటను ఒక కంపెనీ తీసుకుంది. వాళ్ల కాగితంలో రచయిత, బాణీ అని గడులున్నాయి. జానపదం అని రాయవచ్చు. రూతమ్మ అని రాయవచ్చు. రూతమ్మ అని రాస్తే ఊరికి పోవాలి, ఆమె సంతకం తీసుకోవాలి, మన చేలో కూలిదాని పాట తెచ్చుకున్నావా అని మా నాన్న నవ్వితే వినాలి. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న కారణాలు. అసలు కారణం చిన్నది. ఆ గడిలో నా పేరు చూసుకోవాలనిపించింది. రాశాను.

పాట పోయింది, పోయి ఎక్కడెక్కడో చేరింది. పెళ్లిళ్లు, జాతరలు, కాలేజీ ఆడపిల్లలు చేసే ముప్పై సెకన్ల వీడియోలు, అన్నిట్లో అదే. కడపలో ఒక సభలో శాలువా కప్పి, మట్టి వాసన తెలిసిన కవి అన్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. వినయం అనుకున్నారు.

రెండేళ్లయ్యాక, రూతమ్మ చర్చిలో ఆడవాళ్ల కూటంలో ఎస్తేరు పాట పాడితే ఆమె మనవరాలు ఫోనులో తీసి తన ఛానెల్లో పెట్టింది. బాణీ నా పాటతో కలిసిందని ఆ సైటు కంప్యూటరే పట్టుకుంది. ఈ పాట హక్కులు వేరేవాళ్లవి అని చెప్పి వీడియో కనబడకుండా చేసింది. ఆ హక్కులు కంపెనీకి రాసిచ్చిన వేరేవాణ్ని నేనే.

ఒక రోజు పొద్దున పదకొండు గంటలకు రూతమ్మ నా స్టూడియోకు వచ్చింది. కొడుకు దానియేలు ట్రాక్టరు సామాను కొనడానికి టౌనుకు వస్తూ ఆమెను నా వీధి మొదట్లో దించి పోయాడట. చేతిలో ఉడకబెట్టిన చెనిక్కాయల సంచి. నేను కుర్చీ వేశాను. ఆమె కూర్చోవడానికి మొహమాటపడింది.

"కూచో అవ్వా" అన్నాను. పుట్టినప్పటి నుంచి ఆమెను అవ్వా అన్నది అదే మొదటిసారి. ఎందుకన్నానో నాకు తెలుసు. ఆమె ఎందుకు వచ్చిందో అప్పటికే అర్థమైంది.

"పాప ఫోన్లో పెట్టిన్య పాట తీసేసినారంటప్పా. అది నీ పాటంట, ఇంగొకరు పాడగూడదంట. చర్చి అయ్యగారు చదివి చెప్పినాడు. నువ్వొక మాట చెప్తే ఇడుస్తారేమో అని వచ్చినా."

"అది కంప్యూటరు చేసే పని అవ్వా. నా చేతిలో ఏం లేదు."

ఆమె కాసేపు గోడకున్న సంచుల వైపు చూసింది. "ఆ పాట నేను కట్టుకున్న్యదే గదప్పా?" అంది. నిలదీసినట్టు కాదు. దారి అడిగినట్టు.

అవును అంటే అయిపోయేది. నేను అప్పుడు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"లేదవ్వా. అది పాత పాట. మీ అమ్మ కాలం నుంచి ఉండాది. కర్ణాటక పక్క కూడా పాడతారు. దాంట్లో నువ్వు మీ ఎస్తేరు పేరు పెట్టుకున్యావు, అంతే. అట్ల శానామంది పెట్టుకుంటారు."

"పాతదా?"

"పాతదే. నేను పుస్తకంలో చూసినా."

ఆమె నా మొహం వైపే చూసింది. నా మాట నమ్మడానికి ప్రయత్నిస్తోందని కనబడుతోంది. చదువుకున్నవాడు, పుస్తకంలో చూశానంటున్నాడు. తరువాత ఆమె కళ్లు దించుకుంది.

"అట్లయితే యాడో ఇన్యానేమోలేప్పా. బిడ్డ పోయినప్పుడు నాకు మతి యాడుండాది? ఎవురో పాడింటారు, నాదనుకున్న్యా. ఇన్నేండ్లూ అందరికీ నేనే కట్టిన్యానని చెప్తాంటినే. సిగ్గయితాంది." సంచి నా బల్ల మీద పెట్టి లేచింది. "తప్పుగా అనుకోవాకప్పా" అంది.

ఆమె నన్ను క్షమాపణ అడిగి వెళ్లింది.

పాట దొంగిలించడం ఒక తప్పు. కానీ ఆ పొద్దు నేను చేసినదానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. కూతురు పోయాక ఆమె తన దుఃఖంలో నుంచి చేసుకున్నది ఆ పాట ఒక్కటే. దాన్ని ఆమె చేయలేదని ఆమెనే నమ్మించాను. ఎంతసేపు పట్టింది? పది నిమిషాలు కూడా కాదు. ఆమె "నేను కట్టుకున్న్యదప్పా" అని చెప్పిన రికార్డింగు అదే బల్ల మీద, ఆమె మోకాలికి మూరెడు దూరంలో డిస్కులో ఉంది.

ఆమె వెళ్లాక చెనిక్కాయలు ఒలుచుకుని తిన్నాను. తింటూనే ఆ రికార్డింగు తీసేశాను. ఎక్కడైనా కాపీ ఉందేమోనని రెండుసార్లు వెతికి మరీ తీసేశాను.

నాలుగేళ్ల తర్వాత, పోయిన ఏడు, రూతమ్మ చనిపోయింది. దానియేలు ఫోను చేస్తే వెళ్లాను. చర్చిలో నాకు ముందు వరుసలో కుర్చీ వేశారు. అత్తమ్మకు ఇష్టమైన పాట అని దానియేలు భార్య ఫోనును మైకు దగ్గర పెట్టింది. నేను చేసిన పాటే. డప్పు మరీ ఎక్కువగా మోగుతోందని ఎవరో శబ్దం తగ్గించారు. పాట రాసినవారు మన మధ్యనే ఉన్నారని అయ్యగారు నన్ను చూపించారు. అందరూ తిరిగి చూశారు. లేచి నిలబడి ఒక్క వాక్యం చెప్పవలసింది. నేను చేతులు జోడించాను.

బయట ఆ కోడలే చెప్పింది. రూతమ్మ కర్నూలు నుంచి వచ్చిన తర్వాత ఆ పాట మళ్లీ పాడలేదట. ఎవరైనా పాడమంటే, "అది నాది గాదు, పాత పాట" అనేదట. వద్దన్నారు కదా అని మనవరాలు తన ఫోనులో ఉన్న వీడియోను కూడా తీసేసిందట. అంటే ఆమె గొంతులో ఎస్తేరు పేరుతో ఆ పాట ఇప్పుడు ఎక్కడా లేదు.

ఇంటికి వచ్చాక ఏదో ఒకటి చేయాలనిపించింది. నా ఛానెల్లో పాట కింద 'రూతమ్మ గారి జ్ఞాపకానికి అంకితం' అని రాశాను. అంకితం. నాది నేను ఆమెకు ఇచ్చినట్టు. రెండు రోజుల్లో వందల మంది మెచ్చుకున్నారు. ఒక కూలి తల్లిని గుర్తుపెట్టుకున్న మీ మనసు గొప్పది అన్నారు. దానియేలు కూడా దండం పెట్టే బొమ్మ పంపాడు. ఆ బొమ్మ చూశాక నాకు ఒక చోట కుదురుగా కూర్చోవడం పోయింది. పని మొదలుపెట్టి వదిలేస్తాను. స్టూడియో తాళం తీసి, లోపలికి వెళ్లకుండానే మళ్లీ వేస్తాను. సగం నిజం చెబితే అబద్ధం ఇంకా అందంగా తయారవుతుందని నాకు ముందు తెలియదు.

కంపెనీకి ఉత్తరం రాశాను. ఈ పాట నాది కాదు, రూతమ్మది, పేరు మార్చండి అని. రుజువేమైనా ఉందా అని అడిగారు. ఉండేది. నేనే తీసేశాను. నా మాట తప్ప ఇంకేమీ లేదని రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు.

ఇంతవరకు రాసి, ఒక ప్రతి తీసుకుని నిన్న పత్తికొండ పోయాను. దానియేలు టమోటా మార్కెట్లో ట్రాక్టరు నుంచి క్రేట్లు దించుతున్నాడు. కాగితాలు ఇచ్చాను. "ఏంది అప్పా ఇవి?" అన్నాడు. "మీ అమ్మ పాట గురించి. మీ అమ్మకు నేను చేసిన తప్పు గురించి" అన్నాను. నోటితో అన్నది అంతే, కానీ అన్నాను. అతను నా వైపు ఒకసారి చూసి, చేతులు తుడుచుకుని, కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "లోడు దించినంక చదువుతా" అన్నాడు. మళ్లీ క్రేటు అందుకున్నాడు.

కాసేపు అక్కడే నిలబడ్డాను. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. బస్సెక్కాను. చెప్పకూడదేమో కానీ చెబుతున్నాను, దారిలో నాకు తేలికగా అనిపించింది. ఆ తేలిక నాకు రావలసింది కాదు. ఆమెకు ఏ మేలూ జరగలేదు, అతను ఇంకా చదవను కూడా లేదు. అయినా వచ్చింది. కర్నూలు చేరేదాకా కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాను.

ఇవాళ సాయంత్రమైంది. దానియేలు ఇంకా ఫోను చేయలేదు.