చాచా ఫార్మాట్‌లో ఎర్ర అక్షరాలు

పోయిన వారం పొద్దున్నే ఫోన్ మోగింది. తెర మీద 'చాచా' అని ఉంది. ఎత్తగానే నా ధోరణిలో నేను, పానగల్ బడి కొటేషన్ పంపేశానని, ఇవాళైనా ఆలస్యం చేయకుండా రమ్మని గడగడా చెప్పేశాను. అవతల ఉన్నది ఆయన బిడ్డ. నా మాట అయ్యేదాకా ఆగి, "అక్కా, అబ్బా పోయిండు" అంది. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట.

మహబూబ్‌నగర్‌లో మాది చిన్న బ్రాంచి ఆఫీసు. బడులకు, హాస్టళ్లకు, ఫంక్షన్ హాళ్లకు మంచినీళ్ల ప్లాంట్లు పెట్టిస్తాం. ఉండేది ఇద్దరమే, నేను చాచా అని పిలిచే ఆయనా, నేనూ. మీలో ఎవరైనా మా దగ్గర కొటేషన్ తీసుకుని ఉంటే ఆయన మాటలు చదివే ఉంటారు. కంపెనీ సంగతి, మిషను సంగతి, ఫిల్టర్లు ఎప్పుడు మార్చాలో, చెడిపోతే ఎవరొస్తారో, అన్నీ కుదురుగా కూర్చుని ఒకేసారి రాసి కంప్యూటర్లో పెట్టారు. దాన్ని ఫార్మాట్ అనేవాళ్లం. ఊరి పేరు మార్చి పంపడమే. కానీ మొదటి పేజీలో, నమస్కారం కింద, ఎర్ర అక్షరాలతో ఒక లైను ఉండేది: "ఇక్కడ ఆగు. ఆళ్లేమన్నరో రాయి."

అది చెరిపి, ఆ జాగాలో అడిగినవాళ్ల మాట రాయాలి. అందుకోసం ప్రతిసారీ ఫోన్ చేయాలి, లేదంటే బస్సెక్కి పోవాలి. నాకు ఒళ్లు మండేది. ఫార్మాట్ చేసుకున్నది పని తగ్గడానికే కదా అని ఒకసారి విసుక్కున్నాను. ఆయన నవ్వారు.

"మిగిలినదంతా మన గురించే బిడ్డా. గీ ఒక్క లైనే ఆళ్లది."

కొల్లాపూర్ దగ్గర ఒక వార్డెనమ్మ, సెలవుల నుంచి వచ్చేటప్పుడు ఆడపిల్లలు ఇంటి నీళ్లు సీసాల్లో తెచ్చుకుని ట్రంకుపెట్టెల్లో దాచుకుంటున్నారని చెప్పింది. చాచా అదే రాశారు. ఆ ఆర్డర్ మాకు రాలేదు. అయినా ఆమె ప్రతి రంజాన్‌కూ ఆయనకు ఫోన్ చేసేది.

ఇంకోసారి భువనగిరి ఫంక్షన్ హాల్ ఓనరుకు ఎర్ర లైను చెరపడం మరిచి ఆయనే పంపేశారు. ఓనరు ఫోన్ చేసి, "ఆగుమన్నరు, ఆగిన. ఇప్పుడేం జెయ్యాలె సార్?" అని అడిగాడు. చాచా ఏమాత్రం తడబడకుండా, మీరేమంటారో చెప్పండి అన్నారు. ఆ పెద్దమనిషి వాళ్ల బిడ్డ పెళ్లి దాకా చెప్పుకొచ్చాడు. ఫోన్ పెట్టేదాకా నేను కూడా టిఫిన్ డబ్బా మూత తీయలేదు. చల్లారిన అన్నమే నవ్వుకుంటూ తిన్నాం.

రోజూ ఒంటిగంటకు కుర్చీని నా బల్ల వైపు తిప్పుకునేవారు. తినడం అయ్యాక తన గ్లాసు తనే కడిగి, బోర్లించి పెట్టుకునేవారు. నన్ను ముట్టనిచ్చేవారు కాదు.

ఖబ్రస్తాన్‌కు ఆడవాళ్లు పోలేదు. జనాజా మలుపు తిరిగేదాకా వాళ్ల వాకిట్లో నిలబడ్డాను. తర్వాత ఎక్కడికి పోవాలో తెలియక ఆఫీసుకే వచ్చి కూర్చున్నాను.

మర్నాడు హెడ్డాఫీసు నుంచి, చాచా భార్యకు, మా చాచీకి, సంతాపం ఉత్తరం పంపమని చెప్పారు. రాసే శ్రమ కూడా లేకుండా తయారుగా ఉన్నదే వాట్సాప్‌లో వచ్చింది. ఖాళీలో పేరు పెట్టడమే. మా సంస్థ ఒక కష్టజీవిని కోల్పోయిందట, మా సంస్థ తీవ్రంగా చింతిస్తోందట. అంతా మన గురించే. నమస్కారం కిందికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది.

చాచీకి ఫోన్ చేశాను. ఏం అడగాలో తెలియక, చాచా ఏమనేవారని అడిగాను.

"ఆయనకు నీ ఫికరే ఉండె బిడ్డా. నేను పని బంద్ జేస్తే ఆ పిల్ల ఎవరితోని తింటదో అంటుండె మీ చాచా."

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఏమైందని అడగడానికి కూడా ఆఫీసులో ఎవరూ లేరు. తర్వాత కంపెనీ మాటలన్నీ చెరిపేశాను. నమస్కారం కింద ఒక్క లైను రాసి చాచీకి అదే పంపాను: "ఒక్కదాన్నే తింటున్న, చాచా."

ఒంటిగంటకు డబ్బా మూత తీశాను. ఎదురుగా ఆయన బల్ల మీద, ఆయన కడిగి బోర్లించిన గ్లాసు అట్లాగే ఉంది.