స్టేజీ ఎక్కనిది

నా చిన్నప్పుడు మా మేడమీది గదిలో కెన్యా నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక అన్నయ్య అద్దెకుండేవాడు. మాది చినవాల్తేరు. నాన్నకి పోర్టులో ఉద్యోగం, యూనివర్సిటీ నడిచి వెళ్ళేంత దూరం. పద్మనాభంలో పొలం పనులు మానుకుని మా దగ్గరికొచ్చేసిన మా నాన్నమ్మకి పగలంతా మాట్లాడే మనిషి కావాలి, ఆ అన్నయ్యకి తెలుగు కావాలి. ఇద్దరికీ బాగా కుదిరింది. ఏడాది తిరిగేసరికి అతను అచ్చం మా నాన్నమ్మలాగే మాట్లాడేవాడు.

ఆ వానాకాలంలో అతని తమ్ముడు పోయాడని కబురొచ్చింది. అంత దూరం వెళ్ళి రావడం అతని వల్ల అయ్యే పని కాదు. ఆ రోజు నుంచి దీపాలు పెట్టే వేళకి గదిలో ఒక్కడూ ఉండి, వాళ్ళింట్లో పోయినవాళ్ళ కోసం చేసేదేదో చేసుకునేవాడు. కింద మాకు అడుగుల చప్పుడు, సన్నటి గొంతు వినబడేవి. ఆ కాసేపూ నాన్నమ్మ రేడియో కట్టించేసేది. నాకైతే భయం వేసేది. పోయినవాడు రోజూ మా మెట్లెక్కి వస్తున్నాడనుకునేదాన్ని.

ఒకరోజు నాన్నమ్మ, “ఒలే గుంటా, ఈ కూర మేడమీదికి అట్టుకెల్లు” అంది. బిక్కుబిక్కుమంటూ వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అన్నయ్య నన్ను చూశాడు గానీ ఆపలేదు. కూర్చోమని కళ్ళతోనే చెప్పాడు. అయిపోయేదాకా గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ తరవాత నాకు భయం వెయ్యలేదు, చాలాసార్లు వెళ్ళి కూర్చున్నాను.

ఇంతలో అన్నయ్యకి చదువు చెప్పే ప్రొఫెసరు గారు ఒక సాయంత్రం పలకరించడానికి వచ్చి, మెట్ల మీద నిలబడి ఆ గొంతు విన్నారు. ఆయన చెడ్డవారు కారు. పరాయి దేశపు పిల్లలంటే మహా ముద్దు. ఆ ముద్దే కొంప ముంచింది. యూనివర్సిటీలో ఏటా దేశదేశాల సంబరమని ఒకటి జరుగుతుంది. ఒక్కో దేశం పిల్లలూ తమ వేషమో పాటో చూపించాలి. ఈ ఏడు నువ్వు ఇదే చెయ్యాలి, లైట్లు పెట్టిస్తాను, మైకు పెట్టిస్తానని ఆయన సంబరపడిపోయారు. కాదందామంటే అన్నయ్య చదువంతా ఆయన చేతిలో ఉంది.

మర్నాడు అన్నయ్య మా వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు.

“ఏటి నాయినా, అలగున్నావు?” అంది నాన్నమ్మ.

“నాను సెయ్యనేను మామ్మా. నా తమ్ముడు సచ్చిపోతే ఆళ్ళు సప్పట్లు కొడతారు.”

నాన్నమ్మ చేతిలో పని పక్కన పెట్టి అతని ఎదురుగా కూర్చుంది. అప్పుడంది, “నీది నువ్వు దాసుకో. ఆళ్ళకి నాది సూపించు.”

అలా మా పెరట్లో శిక్షణ మొదలైంది. నాన్నమ్మ చీర పైకి దోపుకుని, నడుం వంచి, నారు నాటుతున్నట్టు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ పద్మనాభం ఊడుపుల పాట ఎత్తుకునేది. వరస ఆమెది, మాటలు అన్నయ్యవి. ఆ మాటలేమిటని అడిగితే, వాళ్ళ భాషలో కూరగాయల పేర్లన్నాడు. వాళ్ళిద్దరూ అంతలా నవ్వగా చూడటం అదే మొదలు.

ప్రొఫెసరు గారు మా మెట్ల మీద విన్నది ఒకటి, సంబరం రోజున స్టేజీ మీద చూసింది ఒకటి. అయినా ఆయనకేమీ అనుమానం రాలేదు. ఇది వారి పితృదేవతలను పిలిచే నృత్యమని మైకులో చెప్పారు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఊళ్ళ నుంచి వచ్చి పట్నంలో కుర్చీలెక్కినవాళ్ళే అందులో సగం మంది. ఒక్కరూ పోల్చుకోలేదు. నా పక్కన కూర్చున్న నాన్నమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి చూస్తే ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకుంటోంది. తనతో వరసలో నిలబడి నాటిన, ఇప్పుడు లేని అక్కచెల్లెళ్ళు ఒక్కొక్కరే కనబడుతున్నారట. పితృదేవతలు వస్తారని ప్రొఫెసరు గారు తెలియక చెప్పిన మాట మా నాన్నమ్మ వరకూ నిజమైంది.

చదువయ్యాక అన్నయ్య వెళ్ళిపోయాడు. ఇప్పుడెక్కడున్నాడో, అసలున్నాడో లేడో తెలియదు.

ఈ ఏడు మా మనవరాలు అదే యూనివర్సిటీలో చదువుతూ, సంబరానికి రమ్మని నన్ను లాక్కెళ్ళింది. కెన్యా వారి సంప్రదాయ నృత్యమనగానే తలెత్తి చూశాను. ఆ దేశం నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు నడుం వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తున్నారు. అన్నయ్య చేసిన నాటి నుంచీ యూనివర్సిటీలో ఇదే చేయిస్తున్నారట, ఈసారి డాన్సు మాస్టారు నేర్పించారట. మీ దేశానిదే అన్నారు కాబట్టి వాళ్ళు మర్యాదగా చేస్తున్నారు. పద్మనాభంలో ఇప్పుడు నాట్లు మిషన్లు వేస్తున్నాయి. ఆ పాట అక్కడెవరికీ రాదు. ఎప్పుడో పోయిన మా నాన్నమ్మ నడుం ఆ లైట్ల కింద పదిమందై కదులుతోంది. చుట్టూ చప్పట్లు.

ఇంటికొచ్చాక మనవరాలికి ఈ కథంతా చెప్పాను. అది కళ్ళింత చేసుకుని, “మరి గదిలో అతను చేసింది నీకు గుర్తుందా అమ్మమ్మా? ఒక్కసారి చేసి చూపించవా, వీడియో తీస్తాను” అంది.

గుర్తు లేకేం. నాన్నమ్మ పోయినప్పుడు నేను తలుపేసుకుని చేసింది అదే. నాన్నకీ అదే చేశాను. మనవరాల్ని కూర్చోమన్నాను. ఫోను లోపల పెట్టెయ్యమన్నాను.