వుకదిన్ బావ కనిపెట్టిన విలువ

మా వుకదిన్ బావ ఏది కొన్నా విలువ చూసే కొంటాడు. ఓసారి సంత నుంచి ముప్పై ఏడు రబ్బరు బూట్లు పావు ధరకి మోసుకొచ్చాడు. అన్నీ ఎడమకాలివే. కుడికాలివి కూడా ఎప్పుడో చవగ్గా దొరుకుతాయి, అప్పుడు చూడండి నా తమాషా, అన్నాడు. పదకొండేళ్లయింది. ఇంకా చూస్తూనే ఉన్నాం.

నా పేరు రదొయ్క. ఆయన పెళ్లాం స్తమెంకకి చెల్లెల్ని. బస్టాండు పక్కనున్న ఫుట్‌బాల్ పందేల కొట్టులో కిటికీ వెనక కూర్చుంటాను. ఊళ్లో మగాళ్ల తెలివితేటల్ని చీటీల మీద అచ్చేసి ఇవ్వడం పద్నాలుగేళ్లుగా నా ఉద్యోగం. మా వాళ్లు ఒక చీటీ మీద పన్నెండు మ్యాచ్‌లు రాయిస్తారు. పదకొండు కలిసొస్తాయి, ఒకటి దెబ్బకొడుతుంది, దాంతో చీటీ మొత్తం పోతుంది. ఇక వారమంతా 'ఒక్కదాంట్లో పోయింది' అని యుద్ధంలో కాలు పోగొట్టుకున్నవాళ్లలా చెప్పుకు తిరుగుతారు. బావ మాత్రం ఒక చీటీకి ఒకటే మ్యాచ్ ఆడతాడు. మిగతావాళ్లని చూసి నవ్వుతాడు.

"వీళ్లంతా ఎవడు గెలుస్తాడా అని చూస్తారే. నేను రేటు చూస్తాను. సంతలో ముసలి గుర్రాన్ని ముసలి గుర్రం ధరకి కొంటే తప్పేముంది? పడుచు గుర్రం ధరకి కొనేవాడు వెధవ. కంపెనీ వాడు ఓ జట్టు అయిదింట్లో ఒకసారే గెలుస్తుందని రేటు కట్టాడనుకో. అది రెండింట్లో ఒకసారి గెలుస్తుందని నాకు తెలుసనుకో. కళ్లు మూసుకుని కొనాలి. ఓడినా సరే, కొన్నది తప్పు కాదు."

ఈ మాటలో తప్పేమీ లేదు. నాకు ఒళ్లుమండేది కూడా అందుకే. పద్నాలుగేళ్లలో నా కిటికీ ముందు నిలబడిన వేలమంది మూర్ఖుల్లో పందెం అంటే ఏమిటో నిజంగా తెలిసినవాడు ఈయనొక్కడే. ఆ తెలిసిన ఒక్క ముక్కనీ పందేలతో ఆపకుండా ఇంట్లోకి కూడా తెచ్చాడు.

వాళ్ల పెళ్లయి పాతికేళ్లయిన రోజున, బల్ల నిండా చుట్టాలుండగా, గ్లాసు ఎత్తి ఏమన్నాడో తెలుసా? "స్తమెంకని ఎందుకు చేసుకున్నానో చెప్పనా? సరుకు మంచిది, అడిగేవాడు లేడు. అదీ విలువంటే!" అందరూ పడీపడీ నవ్వారు. అక్క కూడా నవ్వింది. సూప్ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు. ఆ మాటకి నేను ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

తీగల ఫ్యాక్టరీ మూతపడ్డాక బావ మా ఊరి జట్టు పోలెట్‌లో సామాన్ల మనిషిగా కుదురుకున్నాడు. చొక్కాలు ఉతకడం, బంతుల్లో గాలి కొట్టడం, దెబ్బ తగిలినవాడి దగ్గరికి నీళ్ల బకెట్టుతో పరిగెత్తడం ఆయన పని. మూడో లీగు జట్టు అది. జీతం వచ్చిన నెల వస్తుంది, రాని నెల రాదు. గోల్‌కీపర్ ఆయన కొడుకే, ఒగ్నెన్. వాడొక్కడే ఆ ఇంట్లో నాకు నచ్చిన మగాడు. పెనాల్టీ వచ్చిందంటే వాడు ముందు బెంచీ వైపు చూస్తాడు. ఎదుటి జట్టులో ఎవడు ఎటు తంతాడో బావ నోటుబుక్కులో రాసుకుంటాడు. తువ్వాలు ఎడమ భుజాన వేసుకుంటే ఒగ్నెన్ తన ఎడమకి దూకాలి, కుడి భుజాన వేసుకుంటే కుడికి. వాడి పదహారో ఏటి నుంచీ ఇదే పద్ధతి. లెక్క తప్పి గోల్ పడిన రోజున కూడా వాడు తువ్వాలుని అనుమానించలేదు.

ఆ నోటుబుక్కులోనే బావ ఇంకో లెక్క మొదలుపెట్టాడు. మా దగ్గర ప్రతి ఇంటికీ ఒక ఇలవేల్పు ఉంటాడు. ఆ పునీతుడి రోజున ఎవరినీ పిలవరు, తలుపు తీసి ఉంచుతారు. వచ్చినవాళ్లందరికీ తిన్నంత, తాగినంత. ఏ ఆటగాడి ఇంట్లో ఏ పండుగ, అది ఏ మ్యాచ్‌కి ముందురోజు పడుతుంది అని బావ వరసగా రాసుకున్నాడు. రేట్లు కట్టేవాళ్లు ఎక్కడో పట్నంలో కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. ఎవడి మోకాలికి దెబ్బ తగిలిందో వాళ్లకి తెలుసు. ఎవడి ఇంట్లో నిన్న పంది కాల్చారో తెలియదు.

వసంతంలో పునీత జార్జి పండుగ మర్నాడు మా జట్టు ఓడుతుందని కట్టాడు. ఓడింది. అక్టోబరులో పునీత పెట్కా పండుగ తర్వాత మళ్లీ కట్టాడు. మళ్లీ ఓడింది. ఇక కాఫీ కొట్టు వాళ్లంతా ఆయన్ని ప్రొఫెసర్ అనడం మొదలుపెట్టారు. సొంత ఊరి జట్టు ఓడిపోవాలని డబ్బు కట్టడానికి సిగ్గులేదా అని నేను అడిగితే, "ధరకి ఊరూ పేరూ ఉండవే మరదలా" అన్నాడు.

నవంబరు మధ్యలో ఓ కబురొచ్చింది. పెద్ద లీగు జట్టు ఒకటి గోల్‌కీపర్ కోసం వెతుకుతోందట. ఆ ఆదివారం కొండవతలి కమెన్యక్ జట్టుతో మా మ్యాచ్ జరిగేటప్పుడు ఒగ్నెన్‌ని చూడ్డానికి మనిషిని పంపుతుందట. వాడికప్పుడు ఇరవై మూడేళ్లు. రోజంతా కలపమిల్లులో పలకలు పేర్చి, సాయంత్రాలు సాధన చేసేవాడు. ఆ వయసు దాటిన గోలీ కోసం మూడో లీగుకి ఎవడూ దిగిరాడు. ఈ ఒక్కటీ తప్పిందా, ఇక జన్మంతా కలపమిల్లే. అక్క సంతోషం పట్టలేక వాడి ట్రాక్‌సూట్ రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

ఆదివారానికి ముందురోజు, శనివారం, దేవదూత మిఖాయేలు పండుగ. మా జట్టులో ఏడుగురికి ఇలవేల్పు ఆయనే. బావ ఇంటికీ ఆయనే.

గురువారం పొద్దున్న బావ నా కిటికీ ముందుకొచ్చాడు.

"కమెన్యక్ గెలుపు. దినారుకి అయిదున్నర ఇస్తున్నారు కదా, పెట్టు."

"బావా, అది మన మ్యాచ్."

"తెలుసు. బకెట్టు మోసేది నేనేగా."

"మీ వాణ్ని చూడ్డానికి మనిషి వస్తున్నాడు. జట్టంతా చితికిపోతే వాణ్నెవడు చూస్తాడు?"

"జట్టు ఓడినా గోలీ బాగా ఆడొచ్చు. అది వేరే సరుకు, ఇది వేరే సరుకు. నీకు లెక్కలు రావు, నోరొక్కటే వచ్చు."

"ఈ డబ్బు చలికాలం కట్టెలకి దాచింది కాదూ? అక్కకి తెలుసా?"

"అయిదున్నర రెట్లు కట్టెలొచ్చాక తెలుస్తుందిలే."

మూడో లీగు మ్యాచ్ మీద అంత డబ్బు ఒకే చీటీకి యంత్రం ఒప్పుకోదు. మూడు చీటీలుగా చేశాం. చేశాం అంటున్నాను, ఎందుకంటే అచ్చేసిన చెయ్యి నాదే. ఒకడి చీటీ సంగతి ఇంకొకడికి చెప్తే నా ఉద్యోగం పోతుంది. అందుకని నోరు కుట్టేసుకున్నాను. బావని తిట్టినప్పుడల్లా ఇది కూడా గుర్తొస్తుంది.

శనివారం వాళ్లింట్లో కొవ్వొత్తి వెలిగింది, ఉడికించిన గోధుమల ప్రసాదం పెట్టారు, రొట్టె కోశారు. ఇంటి యజమాని ఆరోజు కూర్చోకూడదు, నిలబడే అందరికీ వడ్డించాలి. ఆ పండుగకి బావ పోసే పళ్లసారా, అదే రకియా, ఎంతో ఊరందరికీ తెలుసు. వేలి తొడుగంత గ్లాసులో అడుగు తడిసేంత. అలాంటివాడు ఆరోజు టీ గ్లాసులు తీశాడు. మా నాన్న తన చేత్తో కాచి, మనవడి పెళ్లికని దాచిపెట్టిన రకియా సీసాలు నేలమాళిగలోంచి పైకి తెచ్చాడు. మధ్యాహ్నానికి జట్టులో ఏడుగురు ఆ బల్ల దగ్గరే ఉన్నారు. వాళ్ల సొంతిళ్లలో పండుగ అవుతున్నా, బావ వెళ్లి ఒక్కొక్కణ్ని భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చాడు.

నేను ఆయన్ని వంటింట్లో నిలదీశాను. "విలువ వెతుక్కుంటున్నావా, వండుకుంటున్నావా?"

"అతిథి గ్లాసు ఖాళీగా ఉంచమంటావా? వేల్పు ఊరుకుంటాడా? నేనేమన్నా వాళ్ల నోళ్లు తెరిచి పోస్తున్నానా ఏంటి?"

కొడుక్కి మాత్రం పోయడనుకున్నాను. అంతవరకూ దిగజారడనుకున్నాను. సీసా పట్టుకుని వాడి దగ్గరికే వచ్చాడు. "మిఖాయేలు పేరు మీద ఒక్కటి రా నాన్నా." మొదటిది వాడు తాగాడు. అది ఆచారం, తాగాలి. రెండోది పోసి బావ అటు తిరగ్గానే నేను లాక్కుని తాగేశాను. మూడోదీ నేనే. నాలుగోదీ నేనే.

"పిన్నీ, ఏంటిది? నీకు రకియా వాసనే పడదు కదా?"

"ఈరోజు పడుతోంది. నీకెందుకు?"

ఒగ్నెన్ నా చేతిలో గ్లాసుని చూశాడు. మర్నాడు గోల్ ముందు తనకి కాపు కాయాల్సిన గ్వొజ్దెన్‌కి బావ నిండుగా పోయడం చూశాడు. కాస్త నా వైపు వంగి మెల్లిగా అడిగాడు. "మన మీద కట్టాడు కదా?"

నేను క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం ముద్ద ఒకటి నోట్లో కుక్కుకున్నాను. ఎవరి చీటీ ఎవరికీ చెప్పినదాన్ని కాదు, ఆరోజూ చెప్పలేదు. నేను నమలడం చూసే వాడికి అర్థమైపోయింది. లేచి చేతులు కడుక్కుని తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఆదివారం మైదానం మీద మంచు కమ్ముకుంది. మా వెనక వరసవాళ్లు ఒకరినొకరు పట్టుకుని నడుస్తున్నారు. పదో నిమిషంలో ఒకడు గోల్ స్తంభం వెనక మోకాళ్ల మీద కూలబడి, ముందురోజు తిన్నదంతా మిఖాయేలుకి తిరిగి అప్పజెప్పాడు. కమెన్యక్ వాళ్లు సంతలోకి నడిచినట్టు మా గోల్ దాకా నడిచి వస్తున్నారు. వాళ్లు తన్నిన ప్రతి బంతికీ ఒగ్నెన్ అడ్డుపడ్డాడు. కాళ్లతో, ఛాతీతో, ఓసారి ముఖంతో. మైదానం కంచె దగ్గర బూడిదరంగు టోపీ పెట్టుకున్న మనిషి ఆపకుండా రాసుకుంటున్నాడు. అక్క నా చెయ్యి గిల్లీ గిల్లీ కమిలేలా చేసింది. మూడు గ్లాసుల పుణ్యమా అని నా తల పగిలిపోతోంది.

మా ముందే, బెంచీ పక్కన, బావ బకెట్టుతో నిలబడ్డాడు. కొడుకు బంతి ఆపినప్పుడల్లా ఊరంతా అరుస్తోంది. ఆయన మాత్రం గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు ఆయన్ని వెనకనుంచి తన్నాలనిపించింది.

ఎనభై ఆరో నిమిషం దాకా ఎవరికీ గోల్ లేదు. అప్పుడు గ్వొజ్దెన్ పడిపోకుండా ఉండటానికి పక్కనున్న కమెన్యక్ వాణ్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. పెనాల్టీ ఇచ్చారు.

ఒగ్నెన్ బెంచీ వైపు చూశాడు. తువ్వాలు బావ చేతుల్లో ఉంది. తన్నబోయేవాడు కమెన్యక్ తొమ్మిదో నంబరు. గోలీకి ఎడమవైపే తంతాడని నోటుబుక్కులో ఉంది, నేను చూశాను. తువ్వాలు కుడి భుజాన పడితే అయిదున్నర రెట్ల కట్టెలు. బావ దాన్ని నలుపుతూ నిలబడ్డాడు. ఆ నాలుగు క్షణాల్లో మనిషి ముసలివాడైపోయాడు. తర్వాత దాన్ని ఎడమ భుజం మీద వేసుకున్నాడు. మంచులో కనిపించదేమోనని దానిమీద రెండుసార్లు చెయ్యేసి కొట్టాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నా కళ్లతో చూశాను.

ఒగ్నెన్ కూడా చూశాడు. చాలాసేపు చూశాడు. అవతలివాడు బంతిని తన్నకముందే, ఒళ్లంతా సాచి, కుడివైపుకి దూకాడు. బంతి ఎడమవైపు మెల్లిగా దొర్లుకుంటూ వెళ్లింది. నిలబడి ఉంటే కాలితో ఆపేవాడు.

బూడిదరంగు టోపీ మనిషి కలం జేబులో పెట్టుకున్నాడు. మా కోచ్‌తో చెప్పి వెళ్లాడు. "చేతులు బంగారం. కానీ ఒత్తిడి పడితే తన్నకముందే దూకేస్తున్నాడు. అది మాకు పనికిరాదు."

సోమవారం బావ మూడు చీటీలతో వచ్చాడు. చించేస్తాడని నేనేమీ అనుకోలేదు. చలికాలం ముందుంది, పొయ్యికి కట్టెలు కావాలి. యంత్రంలో పెట్టాను, డబ్బు లెక్కపెట్టి కిటికీ కిందనుంచి తోశాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"నువ్వు నా వెనకే ఉన్నావు కదే. తువ్వాలు ఎటుందో చూశావు కదా?"

"చూశాను. ఎడమవైపే ఉంది."

"వాడు నాతో మాట్లాడ్డం లేదు. నేను చెప్తే నమ్మడు. నువ్వు చెప్పవే రదొయ్కా. చిన్నప్పట్నుంచీ నీ మాటంటే వాడికి గురి."

ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి. ఇంకో రోజైతే మనసారా ఆనందించేదాన్ని.

"నిన్న రాత్రే చెప్పాను బావా."

"ఏమన్నాడు?"

అబద్ధం ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మీద జాలిపడే అలవాటు నాకు లేదు. అందుకని ఉన్నదే చెప్పాను.

"'అందులో నీ వాటా ఎంత పిన్నీ?' అన్నాడు."