బాసీ సవాల్

రాత్రి మిగిలిన రొట్టెల మీద నీళ్ళు చిలకరించి, పొద్దున పెనం మీద వేడిచేస్తుంది నా భార్య. ఆ నీళ్ళు చుయ్యిమంటాయి. కాస్త మాడిన పిండి వాసన ముందు గది దాకా వస్తుంది. మా నాన్న కోస్తా నుంచి ప్రభుత్వోద్యోగం మీద వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డవాడు. మాది అన్నం తినే ఇల్లు, రొట్టెలు నా పెళ్ళితో వచ్చాయి. ఆ వాసన తగిలినప్పుడల్లా చేతిలో పేపరు పక్కన పెట్టేస్తాను. ఎవరో నన్నొక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగినట్టుంటుంది.

అలా ఆగే మనిషి పేరు రాజలింగం. శాలిబండలో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవారు. పోయిన నెల చనిపోయారు. బడిలో సంతాపసభ పెడితే, మాట్లాడినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు. పాపం, మతిమరుపు వచ్చి ఉద్యోగం మానుకున్నా పిల్లల మీద ప్రేమ మానుకోలేదని. నేనూ వేదిక మీదే ఉన్నాను. మైకు నా దాకా వచ్చింది. "మంచి ఉపాధ్యాయులు" అని ఇంకేవో రెండు మాటలు కలిపి కూర్చున్నాను. బడి వదిలే నాటికి రాజలింగం సారుకు మతిమరుపు లేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలిసినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఆ బడిలో చేరి పాతికేళ్ళు దాటింది. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట కొన్నాళ్ళు పెద్దవాళ్ళ క్లాసుల్లో వెనక బెంచీ మీద కూర్చోవాలి, ఆ తర్వాత వాళ్ళ ముందు ఒక పాఠం చెప్పి చూపాలి. నన్ను సారు తొమ్మిదో తరగతికి పంపారు. ఆయన లోపలికొచ్చి పుస్తకం తెరవలేదు, బోర్డు మీద ఏమీ రాయలేదు. "తాజాది తర్వాత. ముందుగాల బాసీ" అన్నారు. పిల్లలు గొణిగారు. అక్కడి ఇళ్ళలో బాసీ అంటే నిన్నటిది, చద్దిది. నిన్నటి పాఠం మాత్రం సారు లెక్కలో ఇంకా తాజాయే. దసరాకు ముందు చెప్పింది సంక్రాంతి దాటాక అడిగితే అది బాసీ సవాల్, చద్ది ప్రశ్న. ఒక్కోసారి ఏడో తరగతి పాఠం తొమ్మిదిలో అడిగేవారు.

"షాహీన్, లేవమ్మా. రంజన్ల నీళ్ళు సల్లగ ఎందుకుంటయి?"

ఆ అమ్మాయి లేచి నిలబడింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. సారు కదలలేదు. ఒకడు చెయ్యెత్తితే, "కూసో బే, నీ బారీ వచ్చినప్పుడు అందరం వింటం" అన్నారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. వెనక నుంచి "ఆవిరి..." అన్నాను.

సారు నావైపు చూసి నవ్వారు. "మన ఆంధ్రా సారుకు జవాబొచ్చింది. చప్పట్లు కొట్టుండ్రి పోరగాండ్లు!"

కొట్టారు. నా చెవులు కాలిపోయాయి. సారు మళ్ళీ షాహీన్ వైపు తిరిగి, ఏమీ జరగనట్టు ఆగారు. కాసేపటికి ఆ పిల్ల ఎక్కడి నుంచో తవ్వి తెచ్చినట్టు చెప్పింది. "నీళ్ళు కుండ బయటికొస్తయి సార్... మనకు చెమట వచ్చినట్టు... ఆవిరైపోతయి. పొయ్యేటప్పుడు లోపలి గర్మీ తీస్కపోతయి."

"షాబాష్. ఇగ పోదు నీ దగ్గర్నుంచి."

విరామంలో ఆయన నన్ను వరండాలోకి పిలిచారు. "అందియ్యకు బాబూ. నువ్వు అందిస్తే అది నీ యాది, ఆ పోరిది కాదు."

"కష్టపడుతోంది కదా సార్, చూస్తూ ఎలా ఊరుకుంటాం?"

"పడనీ. తాజా రొట్టె నోట్లె పెడితే కరిగిపోతది. బాసీది నమలాలె. పాఠం చెప్పంగనే అడిగితే ఎవ్వడన్న చెప్తడు. చిలక గూడ చెప్తది. కొంచెం మర్వనియ్యాలె, అప్పుడు అడగాలె. ఎతుక్కొని తెచ్చుకున్నదానికి మల్లొచ్చే తొవ్వ తెలుస్తది."

తర్వాత శిక్షణ తరగతుల్లో పెద్ద మాటలతో ఇదే విన్నాను. నేర్చుకున్నది మనసులో నిలిచేది మళ్ళీ మళ్ళీ చదివినందుకు కాదని, కాస్త ఎడం ఇచ్చి, పుస్తకం మూసి, గుర్తు తెచ్చుకున్నందుకని. నాకు కొత్తగా అనిపించలేదు. కానీ తెలిసిన సంగతిని తెలిసినట్టు చెప్పాల్సిన రోజు అంతకు ముందే వచ్చి వెళ్ళిపోయింది.

ఆ పద్ధతిలో పాఠాలు నెమ్మదిగా సాగేవి. పక్క బడిలో సిలబస్ అయిపోయి గైడ్లు బట్టీ పట్టిస్తుంటే, సారు ఇంకా రంజన్ దగ్గరే ఉన్నట్టు కనిపించేది. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉన్న ఒక తండ్రి కరస్పాండెంట్ గదికొచ్చి గొంతు పెంచాడు. నన్ను కూడా పిలిపించారు.

"సారుకు దిమాగ్ ఖరాబైంది సాబ్. పోయిన సాలు చెప్పిందే మల్ల అడుగుతుండంట. మా పోరడు చెప్తుండు. చెప్పినట్టు యాదిలేదో ఏమో, పాపం, ముసలాయన!"

కరస్పాండెంట్ నావైపు తిరిగాడు. "మీరు ఆయన క్లాసులో కూర్చున్నారుగా. నిజమేనా?"

మరుసటి ఏడు పదో తరగతి సైన్సు ఎవరికివ్వాలా అన్న మాట అప్పటికే నడుస్తోంది. నాకది కావాలి. ఆ చప్పట్లు కూడా ఇంకా చెవుల్లో ఉన్నాయి. "చెప్పిందే మళ్ళీ అడుగుతున్న మాట నిజమేనండి" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పలేదు, అంతే.

ఆ మాట గది దాటేసరికి "సారుకు మతిమరుపంట, తోటి సారే చెప్పిండు" అయింది. పిల్లలు కూడా అనడం మొదలుపెట్టారు. ఏడాది చివర దండ వేసి, శాలువా కప్పి పంపించేశారు. పదో తరగతి నాకొచ్చింది. ఆ సాయంత్రం బస్టాపులో శాలువా చంకలో పెట్టుకుని ఆయన నన్ను అడిగారు.

"బాబూ, నేను మర్చిపోతున్ననా? అందరంటుండ్రు. నాకైతే తెలుస్తలేదు. తెల్వకపోవుడే ఆ రోగమంటరు గద. నువ్వు వెనక కూసొని చూసినవ్. నువ్వు చెప్పు."

"కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి సార్" అన్నాను. ఆయన తలూపారు. నా మాట నమ్మారు.

తర్వాత కొన్నేళ్ళకు, పక్క వీధిలో పని పడి, వాళ్ళింటికి వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే గడప ఎక్కాను. కొడుకు ఆయన్ని ఒంటరిగా బయటికి పోనివ్వడం మానేశాడట. కూరగాయలు తెమ్మనడం, మనవల చదువు చూడమనడం, అన్నీ ఆగిపోయాయి. కోడలు ఆయన ఎదుటే, "మామకు అప్పుడే షురువైంది గద సార్, బడిలనే" అంది, నేను సాక్షినన్నట్టు. చెబుదామని వచ్చింది చెప్పకుండానే కుర్చీ లాక్కుని సారు పక్కన కూర్చున్నాను.

సారు నన్ను పేరుతో పిలిచారు. గొంతు తగ్గించి అన్నారు. "ఇంట్ల నన్నెవ్వరు ఏమడుగుతలేరు బాబూ. అడగకపోతే ఉన్నది గూడ పోతది, తెలుసు గద నీకు. ఒక బాసీ సవాల్ అడుగు."

"రంజన్‌లో నీళ్ళు..." అని మొదలుపెట్టాను.

"అది నాకు తాజానే. బాసీది అడుగు."

"నేను మొదటిసారి మీ ముందు చెప్పిన పాఠమేంటి సార్?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. చాలాసేపు అయింది. వంటింటి గుమ్మంలో నుంచి కోడలు, "ఎందుకు మామా, ఫికర్ జెయ్యకుండ్రి" అంది. ఆయన చెయ్యెత్తి ఆపారు. నుదుటి మీద చెమట పట్టింది. నేను ఉండబట్టలేకపోయాను.

"ధ్వని పాఠం, సార్" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచారు. ఆ చూపులో కోపం లేదు.

"అందిచ్చినవ్" అన్నారు. "వస్తుండె బాబూ. ఇంకొంచెం ఆగితే వస్తుండె."

మళ్ళీ వెళ్ళలేదు. చివరి ఏళ్ళలో ఆయనకు నిజంగా మతిమరుపు వచ్చిందనే అన్నారు. వచ్చే ఉండొచ్చు. ఎవరూ ఏమీ అడగని ఇంట్లో అన్నేళ్ళు కూర్చుంటే ఏమవుతుందో ఆయనే నాకు నేర్పారు.

నేనిప్పుడు అదే బడిలో, అదే క్లాసులో బాసీ సవాళ్ళు అడుగుతాను. పిల్లలు లేచి నిలబడతారు, పెదవులు కదుపుతారు, మాట రాదు. నేను చాక్‌పీసు పిడికిట్లో బిగించి ఆగుతాను. కొందరికి వస్తుంది, కొందరికి రాదు. ఆగిన ప్రతిసారీ ఆ మోకాలి మీద వేళ్ళు కనిపిస్తాయి. ఆయన వెతుకుతున్నది ధ్వని పాఠమే అయి ఉండాలని ఏమీ లేదు. ఆ మొదటి పాఠం రోజు నేను చేసిన ఏ తప్పో, చెప్పిన ఏ మంచి మాటో నా కంటే బాగా ఆయనకు గుర్తుండి ఉండొచ్చు. నోటిదాకా వచ్చిన ఆ జవాబు ఏమిటో తెలుసుకోవడానికి నాకిక ఎవరూ లేరు.