ముందు నవ్వుర్రి సార్

తార్నాకలో మాకు కటింగ్ చేసే అన్నకు ఒక పిచ్చి ఉండేది. మీసం దిద్దడం అయ్యాక, "అద్దంల చూసి నవ్వుర్రి" అనేవాడు. నవ్వితేనే రెండు కొసలూ సమానంగా ఉన్నాయో లేదో తెలుస్తుందట. పరీక్ష తప్పి వచ్చినవాడినైనా సరే, నవ్వందే కుర్చీ దిగనిచ్చేవాడు కాదు. యూనివర్సిటీలో ఎవరికీ నవ్వని మా గైడ్ సారు కూడా అక్కడ బుద్ధిగా నవ్వేవారు.

ఒక ఆదివారం పొద్దున సారు నవ్వితే మీసం ఎడమ కొస కిందికి కనిపించింది. అన్న దాన్ని కాస్త కత్తిరించి మళ్లీ నవ్వించాడు. ఇంకా కిందికే ఉంది. మళ్లీ కత్తిరించాడు. మూడోసారి కత్తెర పక్కన పెట్టి, బెంచీ మీద కూర్చున్న నాతో, "తమ్మీ, ఆటో పిలువు. మీసం మంచిగనే ఉన్నది, మూతే వంకర పోతున్నది" అన్నాడు.

మెడలో టవల్‌తోనే సారును ఆటో ఎక్కించాం. దారి పొడవునా అన్న ఆయన్ను నవ్విస్తూనే ఉన్నాడు.

మెడలోని రక్తనాళంలో రక్తం గడ్డ కట్టిందని, అందులో ఒక ముక్క విరిగి మెదడుకు చేరిందని, వెంటనే తెచ్చారు కాబట్టి గండం తప్పిందని డాక్టర్ చెప్పారు.

పదిహేను రోజులకు సారు మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. ఎడమ మీసం ఇంకా సగమే ఉంది. అన్న దువ్వెన కూడా ముట్టకుండా, "ముందు నవ్వుర్రి సార్" అన్నాడు. సారు నవ్వారు. అన్న అద్దంలో చాలాసేపు చూశాడు.

"సమానం ఉన్నది. ఇగ దిగుర్రి" అన్నాడు.